రహీమ్ సాబ్ బడి: ఎడమకాలి పోటీల నుంచి మెల్‌బోర్న్ దాకా

భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరెత్తగానే ఎవరైనా ముందు పతకాలే లెక్కపెడతారు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ స్వర్ణం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు (బొంబాయిలో జరిగిన పెద్ద ఫుట్‌బాల్ టోర్నమెంటు అది). జకార్తా గెలుపు తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, 53 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో పోయారు. ఈ మధ్య హిందీలో సినిమా వచ్చాక ఫుట్‌బాల్ చూడనివాళ్లకు కూడా ఈ కథ తెలిసింది.

ఈ కథలో ఆయన వృత్తి మాత్రం ఎప్పుడూ ఒక్క వాక్యంలో తేలిపోతుంది. రహీమ్ బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు లాంటిచోట్ల పనిచేసి, ఆ మీదట వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత తీసుకున్న మనిషి. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఆయన కోచింగ్‌ను ఈ పంతులుతనం వైపు నుంచి చూస్తేనే అసలు సంగతి అర్థమవుతుంది. పిల్లాడి తప్పును నోటితో దిద్దకుండా, ఆ తప్పు చేసే వీలే లేని ఆట పెట్టడం ఆయన పద్ధతి. లెక్కల మాస్టారు వేళ్లు మడవనివ్వకుండా ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టన్నమాట. బలంలేని కాలితో మాత్రమే ఆడాల్సిన పోటీలు, డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నెట్టుకుంటూ ఎదుటివాణ్ణి తప్పించుకుపోవడం) నిషిద్ధమైన పోటీలు, ఎత్తు పరిమితి పెట్టిన పోటీలు ఆయన హైదరాబాద్‌లో నడిపించారు. చూడ్డానికి పిల్లల సరదాల్లా కనిపించే ఈ మూడూ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. మెల్‌బోర్న్‌లో ఆడిన ఆటకు వేళ్లు ఇక్కడే ఉన్నాయి.

ఎడమకాలి ఆట

కుడికాలి వాటం ఉన్న పిల్లాడు ఎడమ కాలితో తన్నితే బంతి గాల్లోకి లేస్తుంది, లేదా పక్కకు జారుతుంది. ఎడమ కాలికి బలం లేదని అందరూ అనుకుంటారు. చాలాసార్లు లోపం కుడి కాలిది. ఆ కాలు ఇన్నేళ్లూ తన్నడమే తప్ప ఒంటిగా బరువు మోస్తూ నిలబడటం నేర్చుకోలేదు. అందుకే నిలిచే పాదం బంతికి వెనకాల ఎక్కడో పడుతుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది, బంతి లేస్తుంది. ఆ పాదం బంతి పక్కన జానెడు దూరంలో, వేళ్లు పాస్ వెళ్లాల్సిన దిక్కుకు చూస్తూ పడితే సగం జబ్బు నయమైనట్టే. మోకాలు కాస్త వంగి, ఛాతీ బంతి మీదికి ఉంటే మిగతా సగం.

దీన్ని ఏ జిల్లా పరిషత్ హైస్కూలు మైదానంలోనైనా నడపొచ్చు. 11 నుంచి 13 ఏళ్ల పిల్లలు, జట్టుకు ఏడుగురు. మైదానం 50 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పు చాలు. ఒక్కో సగం 12 నిమిషాలు. ముందుగా ఒక్కొక్కరిదీ ఏ కాలి వాటమో తేల్చాలి. అడిగితే సరిగ్గా చెప్పరు, కొందరు తెలివిగా అబద్ధం చెబుతారు. నేరుగా ఎదుటికి ఒక బంతి దొర్లించి, ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా తిరిగి తన్నమంటే ఏ కాలు లేస్తే అదే వాటం కాలు. ఇలా మూడుసార్లు చూసి, ఆ చీలమండకు ఎర్ర గుడ్డపీలిక కట్టాలి. పీలిక లేకపోతే రిఫరీకి ఆట నడపడం అసాధ్యం. అయిదో నిమిషానికే ఎవరిది ఏ కాలో కలగాపులగం అవుతుంది. పీలిక ఉన్న కాలు బంతికి తగిలితే అవతలి జట్టుకు ఇండైరెక్ట్ ఫ్రీకిక్ (దాంతో నేరుగా గోల్ కొట్టకూడదు). త్రో ఇన్ బదులు గీత మీద బంతి పెట్టి బలంలేని కాలితోనే లోపలికి పంపాలి. గోల్‌కీపర్ చేత్తో విసరాలి గాని తన్నకూడదు.

మొదటి వారం గోల్స్ పడవు, పిల్లలు విసుక్కుంటారు. అందుకని గోల్ వెడల్పును అయిదు మీటర్లకు పెంచి, మూడో వారం నుంచి మళ్లీ మూడుకు తగ్గించాలి. పిల్లలు మరో ఎత్తు కూడా వేస్తారు. ఎడమ పాదం లోపలి అంచుతో ఆడటం కష్టమని బయటి అంచుతో గిల్లుతూ నెట్టుకొస్తారు. నియమం ప్రకారం అది తప్పు కాదు గాని నేర్పాల్సింది మాత్రం దాటిపోయింది. పది మీటర్ల పైబడిన పాస్‌కు అరపాయింటు పెడితే గిల్లుడు దానంతటదే పోతుంది, ఎందుకంటే బయటి అంచుతో అంత దూరం సూటిగా వెళ్లదు.

కొన్ని బళ్లలో ఈ పాఠాన్ని శిక్షగా మారుస్తారు: గోడకేసి ఎడమ కాలితో వందసార్లు తన్నరా అని. గోడ పనికిరాదని కాదు. ఆటకు ముందు అయిదు మీటర్ల దూరంలో నిలబడి ముప్పై చొప్పున రెండు దఫాలు కొడితే పాదం ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. కానీ గోడ ఎదురొచ్చి బంతి లాక్కోదు. అవతలివాడు మీదికి వస్తున్నప్పుడు భయంతో వాటం కాలే ముందుకొస్తుంది. ఆ భయాన్ని పోగొట్టేది పోటీ ఒక్కటే. వారానికి రెండు రోజులకు మించి పెట్టకపోవడం మంచిది. అలవాటు లేని కాలి మీద బరువు మోసి గజ్జల్లో నొప్పి వస్తుంది. నొప్పి వచ్చిన పిల్లాడు మర్నాడు చెప్పకుండా మానేస్తాడు.

రెండు తాకిళ్లు

డ్రిబ్లింగ్ నిషేధం వెనక ఉన్న కారణం ఇంకా లోతైనది. అప్పటి మన ఆటలో మొనగాడంటే ముగ్గుర్ని తప్పించుకుపోయేవాడే. ప్రేక్షకుడికీ అదే ముచ్చట. వట్టి కాళ్లతో ఆడే కుర్రాళ్లకు బంతి మీద పట్టు అద్భుతంగా ఉండేది కూడా. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడినప్పుడు ఆ ముచ్చటకు ఖరీదు తెలిసింది. చలి, తడి పచ్చిక, మన జట్టులో ఎక్కువమంది కాళ్లకు బూట్లు లేవు. ఆ తర్వాతే అఖిల భారత సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. వేళ్లతో బంతిని తడిమి ఆడిన తరానికి తోలు బూటు వేస్తే ఆ స్పర్శ సగం పోతుంది. పోయిన స్పర్శను పాస్ వేగంతో పూడ్చుకోవాలి. అంటే బంతి వచ్చేలోపే అది ఎటు వెళ్లాలో తేలిపోయి ఉండాలి.

రెండు తాకిళ్ల ఆట నేర్పేది ఇదే. మొదటి తాకిడికి ఆపాలి, రెండోదానికి పంపాలి. మూడోది తగిలితే ఫ్రీకిక్. నియమం ఇంత చిన్నది. నడపడంలోనే చిక్కంతా. పెట్టిన మొదటి పూట పిల్లలందరూ బంతి చుట్టూ గుమిగూడతారు, ఎందుకంటే పాస్ ఇవ్వాలంటే పక్కనే ఎవరో ఉండాలని వాళ్ల లెక్క. మైదానాన్ని నిలువునా సున్నంతో మూడు పట్టీలు గీసి, ఒక్కో జట్టు నుంచి ఒక్కో పట్టీలో ముగ్గురికి మించి ఉండకూడదంటే గుంపు విడిపోతుంది. తర్వాత వచ్చే జబ్బు, పాస్ ఇచ్చినవాడు ఇచ్చిన చోటే నిలబడి చూడటం. దీనికి మందు: ఇచ్చినవాడు కనీసం అయిదడుగులు కదలకపోతే ఆ జట్టుకు తిరిగి బంతి లేదు. ఆట మధ్యలో ఉన్నట్టుండి విజిల్ ఊది, బంతి లేని ఒక పిల్లాణ్ణి వెనక్కి చూడకుండా తన వెనక ఎవరున్నారో చెప్పమనడం ఇంకో మంచి పరీక్ష. చెప్పలేనివాడు చూడటం లేదన్నమాట.

బంతి గాలి గురించి ఒక మాట, ఎవరూ పట్టించుకోనిది కాబట్టి. మన మొరం మైదానాల మీద బంతిని రాయిలా బిగిస్తే మొదటి తాకిడికి ఎవరికీ ఆగదు. పిల్లాడికి చేతకాదని మాస్టారు అనుకుంటాడు. పన్నెండేళ్ల లోపువాళ్లకు నాలుగో నంబరు బంతి, రెండు బొటనవేళ్లతో నొక్కితే కొంచెం లోపలికి పోయేంత గాలి. అయిదో నంబరు బంతి 410 నుంచి 450 గ్రాములు ఉంటుంది, నానితే ఇంకా బరువెక్కుతుంది. దాన్ని పదేళ్ల పిల్లాడికిచ్చి పాస్ దూరం పోవడం లేదనడం అన్యాయం.

ఈ పద్ధతిలో ప్రమాదం కూడా ఉంది. ఏడాదంతా ఇదే ఆడిస్తే ఫార్వర్డులు ఎదుటివాడి మీదికి వెళ్లడం మరిచిపోతారు, గోల్ ముందు కూడా పక్కకు పాస్ వెతుకుతారు. అందుకే ఆఖరి పది నిమిషాలు అవతలి వైపు మూడో వంతు మైదానంలో నిషేధం ఎత్తేయాలి. నిర్బంధం నేర్పడానికే గాని ఆటంటే అదే కాదు.

ఎత్తు పరిమితి పోటీల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పదమూడేళ్లకు ఒకడు అయిదున్నర అడుగులుంటాడు, వాడి తరగతివాడే నాలుగున్నర ఉంటాడు. వయసు కాగితాలు ఎలా పుడతాయో బడిలో పనిచేసినవాళ్లకు తెలుసు. ఎత్తు మాత్రం కళ్లముందే కొలవొచ్చు. పొడుగువాడు లేని ఆటలో పొట్టివాడికి బంతి దొరుకుతుంది, బంతి దొరికితే నేర్చుకుంటాడు. కొలిచేటప్పుడు వట్టి కాళ్లతో, మడమలూ తలవెనకా గోడకు ఆనించి, మోకాళ్లు చేత్తో తడిమి చూడాలి. సన్నగా వంచడంలో పిల్లలు ఆరితేరి ఉంటారు. ఇంకో సూక్ష్మం: పొద్దుటి కంటే సాయంత్రం మనిషి ఎత్తు ఓ సెంటీమీటరు దాకా తగ్గుతుంది. కాబట్టి అన్ని బళ్లవాళ్లనూ ఒకే వేళ కొలవకపోతే గొడవ ఖాయం.

బడి మైదానం నుంచి 4–2–4కు

రహీమ్ గురించి తరచూ వినిపించే గొప్ప ఏమిటంటే, బ్రెజిల్ 1958 ప్రపంచ కప్‌లో 4–2–4తో (వెనక నలుగురు, మధ్య ఇద్దరు, ముందు నలుగురు ఉండే అమరిక) పేరు తెచ్చుకోకముందే ఆయన దాన్ని మెల్‌బోర్న్‌లో ఆడించారని. ఇది కొంచెం సర్ది చెప్పుకోవాల్సిన మాట. 4–2–4ను కనిపెట్టింది రహీమ్ కాదు. 1953 నవంబరులో హంగరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6–3తో ఓడించినప్పుడే సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి వెనక్కి జరిగి ఆడి పాత కొలతలన్నీ తారుమారు చేశాడు. ఆ మార్పును హైదరాబాద్‌లో కూర్చుని అంత త్వరగా పట్టుకోవడం, దాన్ని నిన్నటిదాకా వట్టి కాళ్లతో ఆడిన జట్టు చేత ఆడించడం రహీమ్ ఘనత. కనిపెట్టడం కంటే ఇదేమీ చిన్న పని కాదు.

పాత 2–3–5లో వెనక ఇద్దరు బ్యాకులు, మధ్య ముగ్గురు హాఫ్‌లు, ముందు అయిదుగురు. 4–2–4లో హాఫ్‌లలో ఇద్దరు వెనక్కి వెళ్లి బ్యాకులవుతారు, ముందు వరసలో ఒకడు మధ్యకు దిగుతాడు, మధ్య మైదానం ఇద్దరి నెత్తిన పడుతుంది. మైదానం వెడల్పు దాదాపు 70 మీటర్లు. ఆ ఇద్దరూ చెరో 35 మీటర్లు కాయాలి, పైగా ముందున్న నలుగురికి బంతి అందించాలి. అలాంటి చోట బంతిని మూడుసార్లు తాకేవాడు బంతి పోగొట్టుకుంటాడు. కుడి కాలే నడిచేవాడైతే ఎడమవైపు పాస్ ఇవ్వడానికి ఒళ్లంతా తిప్పుకోవాలి, ఆ అరసెకండులో దారి మూసుకుపోతుంది. ఎడమకాలి పోటీకీ రెండు తాకిళ్ల ఆటకూ మెల్‌బోర్న్ వ్యూహానికీ ఉన్న లంకె ఇదే. వ్యూహం గోడ మీద గీయడం తేలిక. దాన్ని మోయగల కాళ్లను పదేళ్ల ముందే తయారు చేసుకోవాలి.

ఆ మెల్‌బోర్న్ ఫలితాన్ని కూడా ఉన్నది ఉన్నట్టు చూడాలి. మొదటి రౌండులో ఎదురు పడాల్సిన హంగరీ తప్పుకుంది. తర్వాత ఆస్ట్రేలియాపై 4–2. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు, ఒలింపిక్స్‌లో ఒక ఆసియా ఆటగాడి తొలి హ్యాట్రిక్ అది. సెమీస్‌లో యుగోస్లావియాపై ముందు గోల్ మనదే, చివరికి 4–1తో వాళ్లదే గెలుపు. కాంస్యం కోసం బల్గేరియాతో 3–0 ఓటమి. ఆడిన మూడింట్లో గెలిచింది ఒక్కటే. అయినా నాలుగేళ్ల కిందట పది గోల్స్ వేసిన దేశం మీద ఈసారి ముందు గోల్ వేయగలగడం పెద్ద దూరమే. ఆ బృందంలో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అమ్ముగూడ నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల తులసీదాస్ బలరాం లాంటి హైదరాబాద్ కుర్రాళ్లున్నారు. ఆ నవంబరు 1నే హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని మాత్రం 1956–57లో, 1957–58లో హైదరాబాద్ పేరుతోనే గెలిచారు.

జకార్తా 1962కు వచ్చేసరికి పరిస్థితి వేరు. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లతో పని. చిన్నప్పటి నుంచి దిద్దుకునే వీల్లేదు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2–0తో ఓడించింది. థాయ్‌లాండ్‌పై 4–1తో గెలిచారు గాని డిఫెన్స్‌కు మూలస్తంభం జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. సెమీస్‌కు రహీమ్ అతణ్ణి పక్కన పెట్టలేదు, బ్యాక్‌గానూ ఆడించలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. అంతకుముందు ముందు వరసలో ఆడిన అనుభవం అతనికి ఉంది. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి గోల్ ముందు నిలబడితే అవతలి బ్యాకులు ఇద్దరు అతనికే అతుక్కుపోతారు, చుని గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాంలకు చోటు దొరుకుతుంది. దక్షిణ వియత్నాంపై 3–2. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ కొరియా. గోల్‌లోకి పొడగరి పీటర్ తంగరాజ్ తిరిగొచ్చాడు. 17వ నిమిషంలో పి.కె., 20వ నిమిషంలో జర్నైల్. చివర్లో కొరియా ఒకటి తిప్పికొట్టినా 2–1తో స్వర్ణం మనది. లక్ష మంది గ్యాలరీ మన జట్టును గేలి చేస్తుండగా జరిగిన ఆట అది. ఆ ముందు రాత్రి రహీమ్ ఆటగాళ్లతో మాట్లాడిన మాటలే ఇప్పుడు కథలో మిగిలాయి. మాటలు పనిచేసే ఉంటాయి. కానీ కుట్లు పడ్డ బ్యాక్‌ను ఏ చోట పెడితే అతని తల పనికొస్తుందో లెక్కగట్టింది మాటలు కాదు.

ఎందుకు నిలవలేదు

రహీమ్ తర్వాత కొన్నాళ్లు ఊపు సాగింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. ఆ తర్వాత జారుడే. కోల్‌కతా క్లబ్బులు ఆటగాళ్లను ఎగరేసుకుపోయాయనీ, క్రికెట్ మింగేసిందనీ చెబుతారు. రెండూ నిజమే గాని కోల్‌కతా వలస రహీమ్ ఉన్నప్పుడే మొదలైంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. వెళ్లినవాడి చోట ఇంకొకడు తయారవుతూ ఉన్నంతకాలం నష్టం తెలియలేదు.

తయారయ్యే ఆ గొలుసు ఇలా ఉండేది. బడి పోటీల్లో కుర్రాడు కంటబడతాడు, చిన్న క్లబ్బులో ఆడతాడు, పోలీసులో చేరతాడు. పోలీసు ఉద్యోగం అంటే నెల జీతం, రోజూ సాధన, పేదింటి పిల్లాడికి ఇంట్లోవాళ్ల అనుమతి. ఈ గొలుసులో ప్రతి కొక్కేనికీ రహీమ్ చెయ్యి తగిలేది: బడి పోటీలు ఆయనవే, సంఘం కార్యదర్శి ఆయనే, పోలీసు జట్టు కోచ్ ఆయనే, దేశం జట్టు కోచ్ కూడా ఆయనే. నిర్ణయానికీ అమలుకీ మధ్య కాగితం తిరగాల్సిన పని లేదు. అదే ఆయన బలం, ఆయన పోయాక అదే పెద్ద లోటు. 1963 జూన్‌లో ఒక మనిషి పోతే నాలుగు కుర్చీలు ఒక్కసారే ఖాళీ అయ్యాయి, వాటిలో కూర్చున్నవాళ్లు నలుగురూ వేర్వేరు. అందరికంటే ముందు మూలపడినవి బడి పోటీలే. వాటికి కప్పుల్లేవు, పేపర్లో ఫోటోల్లేవు, ప్రమోషన్లూ లేవు. 2025 దాకా హైదరాబాద్ పేరుతో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) జట్టు ఉండేది, 2021–22లో కప్పు కూడా గెలిచింది; అందులో ఊరి కుర్రాళ్లు పెద్దగా లేరు.

కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలయ్యేసరికి రహీమ్ పోయి 22 ఏళ్లు. పురస్కారం లేదన్న బాధ అభిమానులది, అర్థం చేసుకోదగ్గదే. అంతకంటే పెద్ద నష్టం ఆయన పాఠాలు చెదిరిపోవడం. ఒక్కో శిష్యుడు ఒక్కో ముక్క పట్టుకెళ్లాడు. పి.కె. బెనర్జీ, చుని గోస్వామి 2020లో, కొడుకు, స్వయంగా ఒలింపియన్, రిఫరీ, కోచ్ అయిన ఎస్.ఎస్. హకీమ్ 2021లో, మెల్‌బోర్న్ కెప్టెన్ బద్రూ బెనర్జీ 2022లో, బలరాం 2023లో వెళ్లిపోయారు.

రహీమ్‌నే కాదు, ఏ ఊళ్లోనైనా రిటైరైన పీటీ మాస్టారి జ్ఞాపకాలు పోగు చేసేవాళ్లు అడిగే ప్రశ్నలు మారాలి. "సారు ఎలాంటివారు?" అని అడిగితే దేవుడండీ అంటారు, అక్కడితో ఆగిపోతుంది. గ్రౌండుకు ఎన్నింటికి వచ్చేవారు, బంతులు ఎన్నుండేవి, ఎంతమంది పిల్లలకు? మొదటి పావుగంట ఏం చేయించేవారు? పాస్ తప్పితే ఆట ఆపేవారా, అయ్యాక పిలిచి చెప్పేవారా? ఎవర్ని ఏ చోటు నుంచి ఏ చోటుకు మార్చారు, ఎందుకు? కొత్తవాణ్ణి ఎలా పరీక్షించేవారు? వాన పడితే ఏం చేసేవారు? ఇద్దరు శిష్యుల్ని విడివిడిగా కూర్చోబెట్టి ఇవే అడిగితే జవాబులు కలవని చోట్లు బయటపడతాయి. ఒకే పాఠాన్ని బ్యాక్ ఒకలా, ఫార్వర్డ్ ఇంకోలా గుర్తుపెట్టుకుంటారు. మాటలతో సరిపెట్టకుండా మైదానానికి తీసుకెళ్లి చేసి చూపించమనాలి. డెబ్బై దాటినవాళ్లకు కూడా నిలిచే పాదం ఎక్కడ పెట్టాలో కాలికి గుర్తుంటుంది. దాన్ని ఫోన్‌లో పక్కనుంచి, మోకాళ్ల ఎత్తులో, పాదాలు కనిపించేలా తీయాలి. ముఖం మాత్రమే పడే వీడియోలు ఇప్పటికే బోలెడున్నాయి.